తడి చెత్త గొడవంతా నీళ్లదే

ఇంట్లో తడి చెత్తతో కంపోస్టు ఎరువు చేయడం మొదలుపెట్టి మానేసినవాళ్లని ఎవర్నైనా అడగండి, కారణం రెండు ముక్కల్లో చెప్పేస్తారు. కంపు, పురుగులు. కింది ఫ్లాటువాళ్లు మొహం చిట్లించారనో, అత్తగారు బాల్కనీ వైపు రావడమే మానేశారనో అనేసరికి డబ్బా మొత్తం తీసుకెళ్లి మున్సిపాలిటీ ఆటోలో కుమ్మరించేసి చేతులు కడుక్కుంటారు. యూట్యూబులో చూస్తే మాత్రం ఇంతకంటే సులువైన పని ఇంకోటి లేదు. తొక్కలు వేయండి, గుప్పెడు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) చల్లండి, కాస్త పుల్ల మజ్జిగ పోయండి, నలభై అయిదు రోజుల్లో నల్ల బంగారం రెడీ. ఈ రెండింటి మధ్యా డబ్బాలో అసలేం జరుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. చెప్పేవాళ్లు కూడా కార్బన్, నైట్రోజన్, ముప్పైకి ఒకటి నిష్పత్తి అని మొదలుపెడతారు. స్టవ్ మీద పప్పు ఉడుకుతుండగా చేతిలో బీరకాయ చెక్కు పట్టుకుని నిలబడ్డ మనిషికి అందులో నైట్రోజన్ ఎంతుందో ఎలా తెలియాలి?

నన్నడిగితే ఆ లెక్క కాసేపు పక్కన పెట్టేసి నీళ్ల సంగతి చూసుకుంటే చాలు, మిగతా చాలా విషయాలు వాటంతట అవే దారికొస్తాయి.

సొరకాయ, దోసకాయ, టమాటా, పుచ్చకాయ, వీటిల్లో నూటికి తొంభై వంతులకు పైగా నీళ్లే. తోటకూర కాడలు, అరటి తొక్కలు, టీ పిప్పి, వంకాయ ముచ్చికలు అన్నీ కలిపి చూసినా మన వంటింటి తడి చెత్తలో దగ్గర దగ్గర ఎనభై శాతం నీరే ఉంటుంది. అంటే మనం కిలో చెత్త అనుకునేదాంట్లో ఎనిమిది వందల గ్రాములు నీళ్లు, అసలు సరుకు రెండు వందల గ్రాములు. ఆ సరుకును తినే బ్యాక్టీరియా, బూజులకి తేమ కావాలి, నిజమే, కానీ దాంతోపాటు గాలి కూడా కావాలి. ఆక్సిజన్ గాలిలో పాకినంత సులువుగా నీటిలో పాకలేదు, నీటిలో దాని వేగం దాదాపు పది వేల రెట్లు తక్కువ. తొక్కలు కుళ్లి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో ఉండాల్సిన ఖాళీలన్నీ నీటితో నిండిపోయాక లోపల ఉన్న కాస్త ఆక్సిజన్ గంటల్లో అయిపోతుంది. గాలి పీల్చే సూక్ష్మజీవులు అక్కడితో ఆగిపోతాయి, గాలి అక్కర్లేనివి పని అందుకుంటాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్, ముక్కు పుటాలు అదిరే పుల్లటి ఆమ్లాలు, ఇవన్నీ వాటి పుణ్యమే. ఈ గాలి లేని కుళ్లుడుకి కంపోస్టు అని పేరు పెట్టి బాల్కనీలో ఉంచుకుంటే కింది ఫ్లాటువాళ్లు ఊరుకోరు మరి.

ఇప్పుడు చిన్న లెక్క. మంచి కంపోస్టుకి తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. ఎండుటాకుల్లో తేమ పది శాతం చుట్టూ ఉంటుందనుకుందాం. కిలో వంటింటి చెత్తను ఆ స్థాయికి దించాలంటే ఎన్ని ఆకులు కలపాలి? గుణించి చూస్తే నాలుగు వందల నుంచి ఏడు వందల యాభై గ్రాములు వస్తుంది. ఎండుటాకులు అర కిలో అంటే చిన్న విషయం కాదు, నలిపి వేసినా చెత్త కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటాయి. గుప్పెడు చల్లితే సరిపోతుందన్న మాట ఎక్కడ తేలిపోతుందో ఇక్కడ కనిపిస్తుంది. రంధ్రాల్లోంచి కొంత కారిపోతుంది, ఎండకి కొంత ఆరిపోతుంది కాబట్టి వాడకంలో ఇంతకంటే తక్కువతో గడిచిపోవచ్చు, అయినా "ఒక వంతు చెత్తకి కనీసం ఒక వంతు, వీలైతే రెండు వంతుల ఎండుటాకు" అని కొలత గిన్నెతో అలవాటు చేసుకుంటే చిక్కుండదు. తమాషా ఏమిటంటే, నీళ్ల కోసం వేసిన ఆ అర కిలో ఆకులు కార్బన్, నైట్రోజన్ లెక్కను కూడా సరిచేసేస్తాయి. వంటింటి చెత్తలో ఒక పాలు నైట్రోజన్‌కి పదిహేను పాళ్లు కార్బన్, ఎండుటాకుల్లో ఆకుని బట్టి నలభై నుంచి ఎనభై దాకా. రెండూ ఆ మోతాదులో కలిస్తే పుస్తకాల్లో చెప్పే ముప్పై దగ్గరికే వచ్చి ఆగుతుంది.

మరి సిటీలో అన్ని ఆకులెక్కడివి అంటారు. వేప చెట్టు ఉగాదికి ముందు, ఫిబ్రవరి మార్చిల్లో ఆకంతా రాల్చేస్తుంది, కానుగదీ దాదాపు అదే వరస. కాలనీల్లో పొద్దున్నే ఊడ్చి కుప్పలు పోసి అంటించేస్తుంటారు చూడండి, ఆ పొగ మనమే పీలుస్తూ ఆ తర్వాత రెండు వందలు పెట్టి కోకోపీట్ ఇటుక ఆర్డర్ చేస్తాం. ఆ సీజన్లో ఊడ్చేవాళ్లకి చెప్పి నాలుగైదు బియ్యం బస్తాల నిండా కుక్కి పెట్టుకుంటే చాలావరకు ఏడాది గడుస్తుంది. వేపాకు చేదుకి సూక్ష్మజీవులు చచ్చిపోతాయన్న భయం అక్కర్లేదు, మిగతా ఆకులతో కలిపి వేయండి. మామిడాకు, బాదం ఆకు మాత్రం మైనం పూసినట్టుంటాయి, నలపకుండా వేస్తే నెలల తరబడి అలాగే ఉంటాయి. అనంతపురం, కర్నూలు వైపు ఉండేవాళ్లకి వేరుశనగ పొట్టు ఉంది, కోస్తాలో వరి ఊక, ఎండుగడ్డి. ఊక తొందరగా చివకదు గానీ లోపల ఖాళీలు ఉంచడానికి బాగా పనికొస్తుంది. కార్పెంటర్ దగ్గర దొరికే రంపపు పొట్టు కూడా మంచిదే, ప్లైవుడ్ పొట్టు కాకుండా చూసుకోండి, అందులో జిగురు ఉంటుంది. కోకోపీట్ చెడ్డదేం కాదు, నీటిని బాగా పీల్చుకుంటుంది, కాకపోతే మరీ మెత్తటి పొడి, గాలికి దారి ఇవ్వదు. ఆకులు ఆ రెండు పనులూ చేస్తాయి, పైగా ఉచితం.

డబ్బా విషయంలో ఎక్కువ ఆలోచించకండి. ఇరవై లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్టుకి చుట్టూ, అడుగునా కాల్చిన మేకుతో రంధ్రాలు పెట్టి, రెండు ఇటుక ముక్కల మీద నిలబెట్టి, కింద ఒక పళ్లెం పెడితే అయిపోయింది. డబ్బులు పెట్టగలిగితే మట్టి కుండలు మేలు, మట్టి గోడ తేమను బయటికి వదులుతుంది కాబట్టి అక్కడే సగం పని అయిపోతుంది. నలుగురుండే ఇంట్లో రోజుకి అర కిలో నుంచి కిలో దాకా తడి చెత్త వస్తుంది, ఒక్క బకెట్టుతో ఎప్పటికీ సరిపోదు. మూడో నాలుగో ఉండాలి. ఒకటి నిండుతుంటే మిగతావి పండుతుంటాయి. నిండిన దాంట్లో మళ్లీ కొత్త తొక్కలు వేయకూడదు, వేశారా, గడియారం మళ్లీ మొదటికి వస్తుంది.

బకెట్టు సరిగ్గా నడుస్తోందో లేదో మూత తీస్తే తెలిసిపోతుంది. మూత లోపలివైపు సన్నటి ఆవిరి బొట్లు ఉంటాయి, అది మామూలే. పైన ఆకుల పొర పొడిగా ఉండి, దాన్ని చేత్తో పక్కకి జరిపితే కింద అన్నం మెతుకుల చుట్టూ తెల్లటి బూజు, కొంచెం వెచ్చదనం, తోటకూర కాడ నలుపు తిరిగి వేలితో నొక్కగానే విడిపోవడం, ఇవన్నీ మంచి గుర్తులు. ఇంకాస్త కిందికి చెయ్యి పెట్టి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరిసి, గుప్పిట తెరిచాక ముద్ద నిలబడి, తట్టగానే విడిపోతే తేమ సరిపోయినట్టు. నీళ్లు ధారగా కారితే ఎక్కువైనట్టు, పొడిపొడిగా రాలిపోతే తక్కువైనట్టు. ఈ పరీక్షకి అయ్యే ఖర్చు చెయ్యి కడుక్కునే సబ్బు మాత్రమే, అందుకే కాబోలు దీన్ని ఎవరూ అమ్మరు.

వాసనలు కూడా చాలా చెప్తాయి. పుల్లటి కంపు, కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడట్లేదని. అంతా ఒక గంపలోకి తిరగేసి ఎండుటాకులు దండిగా కలిపి మళ్లీ నింపితే రెండు రోజుల్లో తగ్గిపోతుంది. బాత్రూముల్లో వచ్చేలాంటి ఘాటైన అమ్మోనియా వాసన వస్తే నైట్రోజన్ ఎక్కువైందని, పప్పో, పాడైన పాలో, పచ్చి గడ్డో ఒకేసారి ఎక్కువ పడుంటుంది. దీనికీ మందు ఆకులే. చీమలు బారులు కట్టాయంటే ఎండిపోయిందని అర్థం, నీళ్లు చిలకరించండి. తొలకరికి తడిసిన నేల వాసన వస్తే ఇక చెప్పేదేముంది, ఆ వాసన ఇచ్చే యాక్టినోమైసీట్స్ అనే సూక్ష్మజీవులే ఇక్కడా పనిలోకి దిగాయన్నమాట.

పురుగుల దగ్గరికొద్దాం, ఎందుకంటే ఎక్కువమంది చేతులెత్తేసేది ఇక్కడే. మన వాతావరణంలో కంపోస్టు డబ్బాల్లో కనిపించే, గోధుమ రంగులో, కణుపులు కణుపులుగా, బియ్యపు గింజ కంటే బాగా పెద్దగా ఉండే లద్దె పురుగులు చాలావరకు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగవి. మనం అసహ్యించుకునే ఇంటి ఈగ పిల్లలు వేరు, అవి తెల్లగా, సన్నగా ఉంటాయి. ఈ సోల్జర్ ఫ్లై పెద్దదయ్యాక మన అన్నం మీద వాలదు, దాని బతుకు కొద్ది రోజులే, గుడ్లు పెట్టి పోతుంది. పిల్ల పురుగులు మాత్రం తిండిపోతులు, అన్నం, పండ్ల గుజ్జు ఇట్టే తినేస్తాయి. వీటినే ఉద్దేశపూర్వకంగా పెంచి కోళ్లకీ చేపలకీ మేతగా అమ్మేవాళ్లున్నారు. కాబట్టి చూడ్డానికి ఒళ్లు జలదరించినా అవి చేస్తున్నది మీ పనే. అయినా వద్దనుకుంటే దారి ఉంది. అవి రావడానికి కారణం మళ్లీ తడే, చెత్త బయటికి కనపడకుండా రెండు వేళ్ల మందాన పొడి ఆకు పైన కప్పితే గుడ్లు పెట్టడానికి వచ్చే ఈగకి వాసన తగలదు. పండు ఈగలకీ అదే విరుగుడు. ఎలుకలు వస్తే మాత్రం అది వేరే కథ, ఎముకలు, చేప ముళ్లు, నూనె కూరలు వేస్తున్నారని. ఫ్లాటుల్లో మాంసం జోలికి పోవద్దనే నా సలహా.

వండిన తిండి వేయొచ్చా అన్నది రోజూ వచ్చే ప్రశ్న. వేయొచ్చు, నీళ్లు పిండేసి. చారు, సాంబారు, మజ్జిగ ఉంటే చిల్లుల గిన్నెలో వడగట్టి ముద్ద మాత్రం వేయాలి. మిగిలిన అన్నం ఒకేచోట కుప్పగా పడిందంటే పులిసి జిగురుగా మారి దాని చుట్టూ గాలి ఆడనివ్వదు, అందుకే విడదీసి పల్చగా పరిచి రెట్టింపు ఆకు కలపాలి. ఊరగాయ జాడీ అడుగున మిగిలే ఉప్పూ నూనే మాత్రం వద్దు, ఆ ఉప్పు చివరికి చేరేది మీ మొక్కల కుండీలోకే. నిమ్మ, బత్తాయి తొక్కలు కొద్దిగా అయితే పర్వాలేదు, వానపాములు పెంచేవాళ్లు మాత్రం వాటిని దూరం పెట్టాలి. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేయకపోతే ఏళ్ల తరబడి పెంకుల్లాగే ఉంటాయి.

వానపాముల గురించి అడిగేవాళ్లకి ఒక మాట. ఎరువు చాలా బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ డబ్బాలో వేడి 35 డిగ్రీలు దాటితే వాటికి గండమే. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో ఎండ 45 కొడుతుంటే డాబా మీద పెట్టిన వానపాముల తొట్టె గతేంటో ఊహించుకోండి. పెరట్లో చెట్టు నీడ ఉన్నవాళ్లకి సరే, పడమటి ఎండ తగిలే బాల్కనీకి వద్దు. మామూలు కంపోస్టుకి కూడా ఎండాకాలం సమస్య తిరగబడుతుంది. తడి ఎక్కువ కావడం పోయి పై సగం ఎండి కరకరలాడుతుంది, పని ఆగిపోతుంది, మనమేమో వాసన రావట్లేదు కదా అని సంతోషిస్తుంటాం. వారానికోసారి బియ్యం కడిగిన నీళ్లు చిలకరిస్తే చాలు. వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి చోట గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఆకుల బస్తా మూతి కట్టి లోపల దాచుకోవడమే అసలైన జాగ్రత్త.

ఇంకో చిక్కు కూడా విప్పాలి. మన ఊళ్లలో పెంటకుప్ప, దిబ్బ ఎరువు తరాలుగా ఉన్నవే. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్, మన రైతుల పద్ధతుల్నీ చైనా రైతుల పద్ధతుల్నీ చూసి, పొరలు పొరలుగా పంట వ్యర్థాలు, పేడ వేసి తిరగేసే ఇండోర్ పద్ధతిని తయారుచేశాడు. కంపోస్టు గురించి ఇప్పుడు దొరికే సలహాల్లో సగం ఆ పెద్ద కుప్పల నుంచి వచ్చినవే. కుప్ప మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉంటే లోపలి వేడి బయటికి పోదు, 55 నుంచి 65 డిగ్రీలకి చేరుతుంది, కలుపు విత్తనాలు, రోగకారక క్రిములు చాలావరకు చచ్చిపోతాయి. ఇరవై లీటర్ల బకెట్టుకి అంత వేడి నిలవదు. అందుకే మీ కంపోస్టు వేసిన కుండీలో ఎవరూ విత్తకుండానే టమాటా, కాకర, గుమ్మడి మొలకలు లేస్తాయి. అందులో తప్పేం లేదు, కాకపోతే తెగులు పట్టిన మొక్కల్ని, కుక్క, పిల్లి మలాన్ని బకెట్టులో వేయకూడదనడానికి కారణం అదే.

ఇక మార్కెట్లో ఉన్న సరుకు. చెత్తను చివికించే సూక్ష్మజీవులుండే కల్చర్ పొడులు, ద్రావణాలు వాడితే నష్టం లేదు, కానీ అవి లేకపోతే కంపోస్టు కాదన్నది వ్యాపారం. ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం ఇరవై రూపాయల సీసాగా తెచ్చిన వేస్ట్ డీకంపోజర్ ఉంది, పుల్ల మజ్జిగ ఉంది, పేడ నీళ్లున్నాయి, పాత కంపోస్టు గుప్పెడు ఉంటే ఇవేవీ అక్కర్లేదు. గాలాడని డబ్బాలో తవుడు పొడితో చేసే బొకాషి అనే జపాన్ పద్ధతి నిజానికి చెత్తను ఊరగాయ పెట్టడం లాంటిది. ఊరాక కూడా ముక్క ముక్కలాగే ఉంటుంది, దాన్ని మట్టిలో పూడ్చి ఇంకొన్ని వారాలు ఆగాలి, మట్టే లేని ఫ్లాటువాళ్లకి ఆ సంగతి డబ్బా కొన్నాక తెలుస్తుంది. ఒక్క రాత్రిలో కంపోస్టు అంటూ వేలకి వేలు పెట్టి అమ్మే కరెంటు మిషన్లు చేసేది ప్రధానంగా వేడి చేసి, నీళ్లు ఎగరగొట్టి, పొడి చేయడం. చెత్త బరువు బాగా తగ్గుతుంది, అది లాభమే, కానీ వచ్చిన పొడి కంపోస్టు కాదు, తడి తగిలితే మళ్లీ కుళ్లడం మొదలవుతుంది. నేరుగా మొక్కకి వేస్తే వేరు దగ్గరే ఆ తతంగం నడుస్తుంది. అలాగే బకెట్టు కింద పళ్లెంలో చేరే నల్లటి నీటిని కంపోస్ట్ టీ (తయారైన కంపోస్టును నీళ్లలో నానబెట్టి తీసేది) అనుకోకండి, అది చెత్త నుంచి కారిన రసం, పది వంతుల నీళ్లు కలిపి చెట్ల మొదళ్లకి పోయొచ్చు గానీ ఆకుకూరల మీద చల్లే రకం కాదు. రోజూ పళ్లెం నిండుతోందంటే ఆకు చాలట్లేదని.

కంపోస్టబుల్ అని రాసి ఉన్న క్యారీ బ్యాగుల విషయంలోనూ మోసపోకండి. వాటి ప్రమాణం 58 డిగ్రీల దగ్గర వేడి నిలిచే పెద్ద ప్లాంట్లని దృష్టిలో పెట్టుకుని రాసింది, మన బకెట్టులో అవి చాలాకాలం చెక్కుచెదరకుండా కూర్చుంటాయి. టీ కొట్టు పేపర్ కప్పులకి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, అవీ వద్దు.

ఇంతా ఎందుకు, పొద్దున్నే ఆటో వస్తుంది కదా, అందులో వేస్తే పోలా అనిపిస్తుంది. పోతుంది, కానీ నీళ్లతో సహా పోతుంది. ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా అని వేరు చేయకుండా ఒకే కవర్లో మూటకట్టి ఇస్తే మిగిలిన సాంబారు న్యూస్ పేపర్‌కీ, అట్టపెట్టెకీ అంటుతుంది, ఇక దాన్ని పాత సామాన్ల వాళ్లు కూడా కొనరు. అంటే మనం వేసిన అర కిలో తడి ఇంకో అర కిలో పొడిని కూడా చెత్త చేసింది. హైదరాబాద్ చెత్త దశాబ్దాలుగా చేరిన జవహర్‌నగర్‌లో గుట్టల నుంచి ఊరిన ద్రవం పక్కనే ఉన్న మల్కారం చెరువును పాడుచేసిన సంగతి ఎన్నోసార్లు వార్తల్లో వచ్చింది. ఆ ద్రవం ఎక్కడిదో కాదు, మన సొరకాయ తొక్కల్లోంచి దిగిన నీళ్లు, వాన నీళ్లు. గాలి తగలని ఆ గుట్టల లోపల తయారయ్యే మీథేన్ నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పెంచుతుంది. పోనీ కాల్చి కరెంటు తీద్దామా అంటే, కిలో నీటిని ఆవిరి చేయడానికే 540 కిలోకేలరీలు కావాలి, ఆ వేడి చెత్తలోంచే రావాలి. తడి చెత్త ఎక్కువ కలిసేకొద్దీ కరెంటు తక్కువ వస్తుందన్నమాట. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు చెత్తను ఇంట్లోనే తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా వేరు చేయాలని అప్పట్లో అన్నది ఇందుకే.

కేరళలోని అలప్పుళ కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఊరి చెత్తంతా వెళ్లే సర్వోదయపురంలో జనం విసిగిపోయి లారీల్ని అడ్డుకున్నారు. పోయేచోటు లేక వీధుల్లో కుప్పలు పడ్డాక 2012లో మున్సిపాలిటీ రూటు మార్చి, ఇళ్లకి పైపు కంపోస్టులు (చెత్తను పైపులో వేసి చివికించేవి), చిన్న బయోగ్యాస్ ప్లాంట్లు సబ్సిడీ మీద ఇచ్చి, అవి పెట్టుకోలేనివాళ్లకి వీధుల్లో కంపోస్టు తొట్లు కట్టించింది. అలప్పుళ మనలాగే ఉక్కపోత ఊరు, వానలు మనకంటే ఎక్కువ. అక్కడ నడిచింది మన దగ్గర నడవదనడానికి కారణం నాకైతే కనపడదు, కాకపోతే అక్కడ చెప్పి వదిలేయలేదు, ఇంటింటికీ తిరిగారు. మన దగ్గర డబ్బాలు పంచడంతోనే పని అయిపోయిందనుకుంటారు, ఆ డబ్బాల్లో ఇప్పుడు కొన్ని ఇళ్లలో బియ్యం ఉన్నాయి.

డబ్బాలోకి చేరే చెత్త తగ్గించడం విడిగా చేయాల్సిన పనేం కాదు, మన వంటలోనే ఉంది. బీరకాయ చెక్కు పచ్చడి, సొరకాయ తొక్కు పచ్చడి చేసేవాళ్ల ఇంట్లో చెత్త ఎలాగూ తక్కువే. ఊళ్లో అయితే కుడితి తొట్టె ఉండేది, గంజి, కడుగు, తొక్కలు అన్నీ గేదె కడుపులోకి పోయి మిగిలింది దిబ్బ మీదికి చేరేది, చెత్త అన్న ఆలోచనే వచ్చేది కాదు. ఇప్పుడు గేదె లేదు, ఫ్రిజ్ ఉంది, అందులో మర్చిపోయిన కొత్తిమీర కట్ట శుక్రవారానికి బురదవుతుంది. వారానికి సరిపడా ఒకేసారి కొనడం ఆదా అనుకుంటాం గానీ, ఆకుకూరల వరకు రెండ్రోజులకి సరిపడా కొనుక్కుంటే బకెట్టు మీద భారం బాగా తగ్గుతుంది. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, గడువు దాటిన మందులు వేరేగా చుట్టి ఇవ్వాల్సినవి, వాటికీ ఈ బకెట్టుకీ సంబంధం లేదు.

చివరిగా, ఎప్పుడు అయినట్టు? నిండిన రోజు నుంచి రెండు మూడు నెలలు పడుతుంది, నలభై అయిదు రోజుల మాట నమ్మి తొందరపడకండి. పూర్తిగా చివకని ఎరువు వేస్తే సూక్ష్మజీవులు మట్టిలోని నైట్రోజన్‌ను ముందు తామే వాడేసుకుంటాయి, మొక్క ఆకులు పసుపెక్కుతాయి, మనమేమో ఇంకాస్త ఎరువు వేస్తాం. అనుమానంగా ఉంటే గుప్పెడు తడిపి జిప్ కవర్లో మూడు రోజులు మూసి ఉంచండి, తెరిస్తే కంపు కొడితే ఇంకా కాలేదు. లేదంటే మెంతులు చల్లి చూడండి, మామూలు మట్టిలో మొలిచినంత బాగా మొలిస్తే వాడేయొచ్చు. కుండీకి నాలుగో వంతుకి మించి కలపక్కర్లేదు. మొక్కలే లేనివాళ్లు వీధి చివరి కానుగ చెట్టు మొదట్లో పోసినా ఎవరూ వద్దనరు. జల్లెడ పట్టాక పైన మిగిలే కాడలు, పీచు, సగం చివికిన ఆకులు కొత్త బకెట్టు అడుగున వేసేయండి, కొనక్కర్లేని కల్చర్ అదే. అందులో మామిడి టెంకలుంటే మాత్రం ఏరి పారేయండి, అవి వచ్చే ఏడాది మామిడి సీజన్‌కి కూడా టెంకల్లాగే ఉంటాయి.